ఖులీ పుస్తకాన్ని ఖులీ లిపిలోనే చదవడం

పస్కా పండుగ రాత్రి యూదుల ఇళ్లలో ఇంటికి చిన్నవాళ్లు ఒక ప్రశ్న అడుగుతారు: మిగతా రాత్రులన్నిటికంటే ఈ రాత్రి ఎందుకు వేరు? స్పెయిన్ నుంచి వెళ్లగొట్టబడిన యూదుల ఇళ్లలో ఆ ప్రశ్న ఇలా వినబడుతుంది: "క్వాంతో ఫ్వే దెముదాదా లా నోచె లా ఎస్తా మాస్ కె తోదాస్ లాస్ నోచెస్." స్పానిష్ తెలిసినవాళ్లు "లా నోచె లా ఎస్తా" దగ్గర తడబడతారు. 'ఈ రాత్రి' అనడానికి "ఎస్తా నోచె" చాలు కదా, ఈ వరస ఎక్కడిది? హీబ్రూది. హీబ్రూలో "హ-లైలా హ-జె" అంటారు. మాట ఎక్కడుంటే అక్కడే ఉంచి, దాని కింద స్పానిష్ మాట పేర్చారు. మనం పద్యం కింద రాసుకునే ప్రతిపదార్థం లాంటిది. అన్వయం ఉండదు, తాత్పర్యం ఉండదు, మాటకు మాట మాత్రమే.

ఈ యూదుల స్పానిష్‌ను లాదినో అంటారు. కచ్చితంగా చెప్పాలంటే ఆ పేరు మొదట ఈ ప్రతిపదార్థపు భాషదే. ఇంట్లో మాట్లాడుకునేదాన్ని జుదెజ్మో అనో, ఎస్పాన్యోల్ అనో అనేవారు. ఇప్పుడు రెండింటినీ కలిపి లాదినో అనే అంటున్నారు, నేనూ అలాగే రాస్తున్నాను. కానీ ఈ తేడా గుర్తుంచుకోకపోతే, పద్దెనిమిదో శతాబ్దంలో లాదినోలో బైబిలు వ్యాఖ్యానం రాసిన రబ్బీ (యూదు మతగురువు) యాకోవ్ ఖులీ చేసిన పని ఎంతటిదో అర్థం కాదు.

1492లో స్పెయిన్ వదిలిన యూదులు ఒట్టోమన్ సామ్రాజ్యంలో ఇస్తాంబుల్, సలోనికా, ఇజ్మీర్, సారయేవో లాంటి ఊళ్లలో స్థిరపడ్డారు. రెండు వందల ఏళ్లు గడిచినా ఇంటి భాష స్పానిషే. ప్రార్థన మాత్రం హీబ్రూలో. అక్షరాలు వచ్చు, చదవడం వచ్చు, అర్థం కావడం మాత్రం చదువుకున్న కొద్దిమందికే. దీనికితోడు ఇజ్మీర్‌కు చెందిన సబ్బతై జెవి తానే మెస్సయ్యనని చాటుకుని, వేలమందిని వెంట తిప్పుకుని, 1666లో సుల్తాను ముందు ఇస్లాంలోకి మారిపోయాడు. నమ్మినవాళ్ల గుండె పగిలింది. ఖులీకి గురువైన యెహూదా రోసానెస్ ఇస్తాంబుల్‌లో ఆ గందరగోళపు శేషాలతోనే పోరాడాడు. ఖులీ ఆ ఊరికి వచ్చింది తన తాత మోషే ఇబ్న్ హబీబ్ రాతప్రతులను అచ్చు వేయించడానికి. గురువు పోయాక ఆయన రచననూ తానే సరిచూసి అచ్చుకిచ్చాడు. అవన్నీ పండితుల కోసం, హీబ్రూలో. ఆ దారిలోనే సాగి ఉంటే ఖులీ పేరు పండితుల గ్రంథసూచికల్లో మాత్రమే ఉండేది.

1730లో ఇస్తాంబుల్‌లో ఆయన "మెఆమ్ లోఎజ్" మొదటి సంపుటం, ఆదికాండం మీద వ్యాఖ్యానం, అచ్చయింది. ప్రతిపదార్థంలో కాదు, వంటింట్లోనూ బజారులోనూ మాట్లాడే భాషలో. అంతకుముందు కొన్ని ధర్మగ్రంథాలు లాదినోలోకి వచ్చాయి కానీ వాటి భాష జనానికి కొరుకుడు పడలేదని ఆయనే ముందుమాటలో రాశాడు. పుస్తకం పేరు 114వ కీర్తన మొదటి వాక్యంలోది: యాకోబు వంశం అన్యభాషల జనం మధ్య నుంచి బయలుదేరిన సంగతి చెప్పే వాక్యం. హీబ్రూలో "బేత్ యాకోవ్ మెఆమ్ లోఎజ్". రచయిత పేరు యాకోవ్, రాసిన భాష లోఎజ్, అంటే పరభాష. రెండూ ఆ వాక్యంలో పక్కపక్కనే ఉన్నాయి. ఇంత ఒద్దికగా పేరు పెట్టుకున్న పుస్తకాలు తక్కువ.

తోరాను, అంటే బైబిలు మొదటి ఐదు కాండాలను, ఏడాదిలో చదివి ముగించడానికి 54 భాగాలు చేస్తారు. ఆదికాండానికి 12, నిర్గమకాండానికి 11. ఖులీ ఆ వరసలోనే నడిచాడు. ఒక వాక్యం ఎత్తుకుంటాడు, దాని మీద తల్ముద్ (పాత ధర్మచర్చల గ్రంథం) ఏమంటుందో చెబుతాడు, మిద్రాష్‌లోని (పాత వ్యాఖ్యాన కథల్లోని) కథ ఒకటి విప్పుతాడు, ఆ సందర్భంలో ఇంట్లో పాటించాల్సిన నియమం ఏమిటో చెప్పి తర్వాతి వాక్యానికి వెళతాడు. ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడుతున్నట్టే ఉంటుంది రాత. మన పురాణ కాలక్షేపం ఎరిగినవాళ్లకు ఈ నడక కొత్తగా అనిపించదు. సబ్బాతు నాడు ఇంటిల్లిపాదీ కూర్చుంటే ఒకరు చదివేవారు, మిగతావాళ్లు వినేవారు.

ఖులీ 1732 ఆగస్టులో పోయాడు. అప్పటికి నిర్గమకాండంలో సుమారు మూడింట రెండు వంతులు పూర్తయింది. ఆ భాగం మరుసటి ఏడు అచ్చయింది. మిగతాది ఇస్హాక్ మాగ్రీసో 1746లో ముగించి, లేవీయకాండం 1753లో, సంఖ్యాకాండం 1764లో తెచ్చాడు. ద్వితీయోపదేశకాండం ఇస్హాక్ అర్గ్వేతి చేతిలో 1770ల మొదట్లో వచ్చింది. ఒకాయన మొదలుపెట్టిన పనిని నలభై ఏళ్లపాటు ఇతరులు ఆయన గొంతులోనే కొనసాగించారు.

ఇప్పుడు హీబ్రూలో, ఇంగ్లిష్‌లో అనువాదాలున్నాయి. విషయం తెలుసుకోవడానికి అవి బాగానే పనికొస్తాయి. కానీ ఖులీని తలుచుకోవడమంటే ఆయన ఎంచుకున్న భాషను తలుచుకోవడమే. పండితుడు పండిత భాష పక్కనపెట్టి రాసిన పుస్తకాన్ని మళ్లీ పండిత భాషలోకి మార్చి చదివితే అసలు సంగతి జారిపోతుంది. నిజమైన అడ్డంకి భాష కంటే లిపి. తుర్కియేలో 1928లో లాటిన్ అక్షరాలు వచ్చాక కొత్త తరం లాదినోను కూడా వాటిలోనే రాసింది. 1943లో నాజీలు గ్రీసులోని సలోనికా నుంచి నలభై ఐదు వేలకు పైగా యూదులను ఆష్విట్జ్ మరణశిబిరానికి తరలించారు. పాత లిపి చదవగలిగిన అతి పెద్ద సమూహం ఆ కొద్ది నెలల్లో అంతమైంది. ఇవాళ స్పానిష్ కొంత వచ్చినవాళ్లు, ఓపికగా కూర్చుంటే, ఆ లిపిని కొన్ని వారాల్లో పట్టుకోవచ్చు. ఎలాగో రాస్తాను.

ఖులీ పుస్తకం అచ్చయింది రాషీ లిపిలో. పేరుకు రాషీ లిపి, ఫ్రాన్సుకు చెందిన బైబిలు వ్యాఖ్యాత రాషీ ఈ అక్షరాలు ఎన్నడూ రాయలేదు. ఆయన వ్యాఖ్యానాన్ని 1475లో ఇటలీలోని రెజ్జో కలాబ్రియాలో అచ్చు వేసినప్పుడు స్పెయిన్ యూదుల చేతిరాతను పోలిన అచ్చులు పోశారు, ఆ పేరు అతుక్కుపోయింది. కుడి నుంచి ఎడమకు చదవాలి. 22 అక్షరాలు, వాటిలో ఐదింటికి మాట చివర వచ్చే మరో రూపం. అయితే స్పానిష్ మూలం ఉన్న మాటలకు దాదాపుగా 17 చాలు. మిగిలిన ఐదూ, అంటే హెత్, కాఫ్, అయిన్, త్సాదె, తావ్, ఎక్కువగా హీబ్రూ మాటల్లోనే వస్తాయి, అప్పుడప్పుడు అరబ్బీ, తురుష్క మాటల్లో. కాబట్టి ఆ ఐదింటిలో ఒకటి కనబడితే స్పానిష్‌గా చదివే ప్రయత్నం ఆపేయాలి. క శబ్దానికి స్పానిష్ మాటల్లో కూఫ్ వాడతారు, త శబ్దానికి తేత్ వాడతారు. ఈ ఒక్క సూత్రం సగం తికమక తీరుస్తుంది.

అ, ఇ, ఉ లాంటి అచ్చుల దగ్గర అసలు కష్టం. యోద్ అనే అక్షరం ఇ కావచ్చు, ఎ కావచ్చు. వావ్ అనే అక్షరం ఒ కావచ్చు, ఉ కావచ్చు. కూఫ్, యోద్, రేష్, యోద్, మెమ్, వావ్, సామెఖ్ అని ఏడక్షరాలు కనబడ్డాయనుకోండి. రెండు యోద్‌లు, ఒక వావ్: మొత్తం 8 రకాలుగా చదవొచ్చు. కిరిముస్, కెరిమోస్, కిరెమోస్... ఎనిమిదింటిలో "కెరెమోస్" ఒక్కటే మాట, 'మాకు కావాలి' అని అర్థం. స్పానిష్ క్రియారూపాలు తెలియనివాళ్లు ఇక్కడే ఆగిపోతారు. అందుకే ముందు స్పానిష్ వర్తమాన, భూతకాల రూపాలు నేర్చుకుని తర్వాత లిపికి రావడం మేలు. లిపితో మొదలుపెట్టినవాళ్లు అక్షరాలు గుర్తుపట్టగలరు గానీ మాట పట్టుకోలేరు.

ఆలెఫ్‌కు మూడు పనులు. మాట మధ్యలో అ లేక ఆ. మాట మొదట్లో యోద్‌కో వావ్‌కో ముందు వస్తే దానికి శబ్దం లేదు, ఆసరా మాత్రమే. రెండు అచ్చుల మధ్య వస్తే అడ్డుగోడ, అప్పుడూ శబ్దం లేదు. "బ్వెనో" (మంచి) అనే మాటను బేత్, వావ్, ఆలెఫ్, యోద్, నూన్, వావ్ అని రాస్తారు. ఆ ఆలెఫ్‌ను పలికితే మాట చెడుతుంది. మాట చివరి ఆ-కారానికి ఆలెఫ్ బదులు హే వాడతారు: కూఫ్, ఆలెఫ్, జాయిన్, హే అంటే "కాజా", ఇల్లు. రెండు యోద్‌లు కలిసొస్తే య లేక ఎయ్. లామెద్ తర్వాత రెండు యోద్‌లు వస్తే పాత రాతలో అది ల్య, ఇస్తాంబుల్ నోట్లో య. గుర్రాన్ని ల్యతో రాసినా "కవాయో" అనే చదవాలి.

ఇక అక్షరం పైన పెట్టే చిన్న గీత. ఇది కనబడకపోతే చదువు సాగదు. బేత్ మీద గీత ఉంటే వ. పే మీద ఉంటే ఇంగ్లిష్ ఎఫ్ శబ్దం. గిమెల్ మీద ఉంటే చ లేక జ, రెండింటికీ ఒకటే గుర్తు: "నోచె"లోనూ అదే, "జుద్యో"లోనూ అదే. జాయిన్ మీద ఉంటే 'ప్లెజర్' అనే మాటలో వినిపించే మెత్తని జ. ఆలెఫ్, యోద్, గీత ఉన్న జాయిన్, వావ్ కలిస్తే కొడుకు, "ఇఝో" అన్నట్టు పలకాలి, ఆ ఝకు ఒత్తు లేకుండా. పాత పుస్తకాల స్కాన్లలో మొదట మాయమయ్యేవి ఈ గీతలే. కేవలం నలుపు-తెలుపుగా చేసిన స్కాన్‌లో సన్నని గీత కాగితంలో కలిసిపోతుంది, లేదా కాగితం మీది మచ్చ గీతలా కనబడుతుంది. గ్రేస్కేల్ ప్రతి దొరికితే అదే తీసుకోవాలి. ఒకే మాట ఒకచోట గీతతో, మరోచోట గీత లేకుండా కనబడితే అచ్చులో పడిపోయిందనుకుని గీతతో ఉన్న రూపాన్నే నమ్మాలి.

పోలికలున్న అక్షరాల జంటలు కొన్ని ఉన్నాయి. దాలెత్, రేష్‌లు; బేత్, కాఫ్‌లు. కాఫ్ దాదాపుగా హీబ్రూ మాటల్లోనే వస్తుంది కాబట్టి రెండో జంట విడదీయడం తేలిక. అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది సామెఖ్‌కూ మాట చివరి మెమ్‌కూ ఉన్న పోలిక. రెండూ మూసుకున్న గుండ్రని రూపాలే. పైగా రెండూ బహువచనానికి గుర్తులు! స్పానిష్ బహువచనం స్ తో ముగుస్తుంది, హీబ్రూ బహువచనం ఇమ్ తో. "కాజాస్" (ఇళ్లు) చివర సామెఖ్, "తల్మిదీమ్" (శిష్యులు) చివర మెమ్. ముందు మాట ఏ భాషదో తేల్చుకుంటే చివరి అక్షరం దానంతటదే తేలుతుంది. దీనికీ ఒక మినహాయింపు ఉంది, అది లాదినో అందం. దొంగ అనే స్పానిష్ మాట "లద్రోన్"కు హీబ్రూ బహువచనం తగిలించి "లద్రోనీమ్" అంటారు. స్పానిష్ మాట కదా అని చివర స్ పెట్టి చదివితే తప్పు.

హీబ్రూ మాటలు అచ్చుగుర్తులు లేకుండా, హీబ్రూలో ఎలా రాస్తారో అలాగే ఉంటాయి. ఓ వందో నూటయాభయ్యో మాటల చిట్టా ముందే రాసిపెట్టుకోవడం తప్ప వేరే దారి లేదు. కొన్ని హీబ్రూ ధాతువులు స్పానిష్ తోక తగిలించుకుని వస్తాయి: ప్రసంగించడం "దర్సార్", శోధించి చూడడం "బద్కార్". అక్షరాల మధ్య జంట గీత కనబడితే అది సంక్షిప్త రూపమో, అంకో అయి ఉంటుంది, మాటగా చదవకూడదు. హీబ్రూలో అక్షరాలకే అంకెల విలువ ఉంటుంది, సంవత్సరాన్ని వేల స్థానం వదిలేసి రాస్తారు. తావ్ 400, త్సాదె 90, కలిపితే 490. దానికి 5000 కలిపితే 5490, అందులోంచి 3760 తీసేస్తే 1730. సెప్టెంబరు, డిసెంబరు మధ్య అచ్చయిన పుస్తకమైతే ఒక ఏడు వెనక్కి జరపాలి, ఎందుకంటే యూదుల కొత్త సంవత్సరం శరత్కాలంలో వస్తుంది.

నిఘంటువు దగ్గర ఇంకో తంటా. స్పానిష్ నిఘంటువులో "తాద్రె" దొరకదు, అది స్పానిష్ "తార్దె", సాయంకాలం. అలాగే "వెద్రె" అంటే "వెర్దె", ఆకుపచ్చ. ర, ద తారుమారైనట్టు కనబడితే తిప్పి వెతకాలి. 'మనకు' అనే "నోస్" ఇక్కడ "మోస్". దేవుణ్ని "ఎల్ దియో" అంటారు. స్పానిష్ "దియోస్" చివరి స్ బహువచనంలా వినిపిస్తుంది, దేవుడు ఒక్కడే. ఆదివారానికి క్రైస్తవుల ప్రభువు దినమన్న "దొమింగో" వదిలేసి అరబ్బీ నుంచి వచ్చిన "అల్హాద్" పెట్టుకున్నారు. తురుష్కం ద్వారా వచ్చిన మాటల్లో కొన్ని మన చెవికి చుట్టాలే: ఇంటికొచ్చిన అతిథి "ముసాఫిర్".

చదివినదాన్ని తెలుగు లిపిలో రాసుకుంటూ పోవడం మనకు కలిసొస్తుంది. ఎ-ఇ, ఒ-ఉ తేడాలు తెలుగులో స్పష్టంగా పడతాయి కాబట్టి ఏది ఎంచుకున్నామో కాగితం మీద కనబడుతుంది. మనకు లేని శబ్దాలకు జ కింద ఒక చుక్క, ఫ కింద ఒక చుక్క లాంటి గుర్తులు మొదట్లోనే నిర్ణయించుకోవాలి. మధ్యలో మార్చితే వెనకటి పుటలన్నీ తిరగరాయాల్సొస్తుంది. చేతిరాతలో ఉత్తరాలు, లెక్కల పుస్తకాలు చదవాలంటే సొలిత్రెయో అనే మరో లిపి ఉంది, మన గొలుసుకట్టు రాత లాంటిది, అక్షరాలు ఒకదానికొకటి అల్లుకుపోతాయి. రాషీ లిపి చేతికొచ్చేదాకా దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

చదవడాన్ని లాదినోలో "మెల్దార్" అంటారు. పోయినవాళ్ల సంవత్సరీకానికి పేరు "మెల్దాదో", అంటే చదువు. తద్దినం తిథిని బట్టి వచ్చినట్టే ఇదీ యూదుల చాంద్రమాన తేదీని బట్టి వస్తుంది, వాళ్లకూ అధికమాసం ఉంది, 19 ఏళ్లలో 7 సార్లు. రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది కాబట్టి మెల్దాదో ముందురోజు సాయంత్రమే జరుగుతుంది. ఇంగ్లిష్ తేదీ చూసుకుని మరుసటి సాయంత్రం కూర్చుంటే తిథి దాటిపోయినట్టే. ఖులీ తిథి ఆవ్ నెలలో వస్తుంది.

పోయినవారి కోసం కద్దీష్ అనే ప్రార్థన చెప్పాలంటే సంప్రదాయం ప్రకారం పదిమంది మగవాళ్లు ఉండాలి. పోయినవారి పేరులోని అక్షరాలతో మొదలయ్యే మిష్నా (పాత ధర్మశాస్త్ర సంకలనం) అధ్యాయాలను, ఆ తర్వాత "నెషామా" (ఆత్మ) అనే మాటలోని నాలుగక్షరాల అధ్యాయాలను చదువుతారు. యాకోవ్‌కు యోద్, అయిన్, కూఫ్, బేత్ నాలుగు, నెషామాకు నాలుగు, మొత్తం 8 అధ్యాయాలు. 119వ కీర్తన చదివేవాళ్లూ ఉన్నారు. అందులో అక్షరానికి 8 చొప్పున 176 వాక్యాలున్నాయి కాబట్టి యాకోవ్ అనే పేరుకు 32. పోయినవారి పేరు వచ్చినప్పుడల్లా "ఎన్ గనెదెన్ కె ఎస్తె" అంటారు, ఏదెను తోటలో ఉండుగాక అని.

తర్వాత ఫలహారం. వీలైనన్ని రకాల దీవెనలు పలికే అవకాశం రావాలని పళ్లెం అలా అమరుస్తారు: ఎండుద్రాక్షో ఆలివ్‌లో చెట్టు కాపుకు, దోసకాయ లాంటిది నేల పంటకు, నువ్వులు అద్దిన బిస్కోచోలు పిండివంటకు, గుడ్లూ సోంపు వాసన వేసే రాకీ అనే సారాయీ మిగతావాటికి. గుడ్లు తప్పకుండా ఉంటాయి, గుండ్రని గుడ్డు దుఃఖానికి గుర్తు. వీటిని "వేవోస్ హమినాదోస్" అంటారు. 12 గుడ్లకు పది పన్నెండు ఉల్లిపాయల పొడి పొట్టు కావాలి. సగం పొట్టు గిన్నె అడుగున పరిచి, గుడ్లు పెట్టి, మిగతా సగం పైన కప్పి, రెండంగుళాలు మునిగేలా నీళ్లు పోయాలి. చెంచాడు ఉప్పు, రెండు చెంచాల నూనె వేయాలి. నూనె నీటి మీద పొరలా తేలి ఆవిరి పోకుండా ఆపుతుంది. మూత పెట్టి కనీసం 6 గంటలు, వీలైతే రాత్రంతా, అతి సన్నని మంట మీద ఉంచాలి. ఫ్రిజ్ నుంచి తీసిన గుడ్లు నేరుగా వేసినా, నీళ్లు తెర్లినా పెంకు పగులుతుంది. నీళ్లు తగ్గితే వేడినీళ్లే కలపాలి. రెండు గంటలకే దించేస్తే పెంకుకు మాత్రమే రంగు పడుతుంది, లోపల తెల్లసొన గట్టిగా ఉంటుంది. సరిగ్గా కుదిరితే తెల్లసొన లేత గోధుమరంగు తిరుగుతుంది, పచ్చసొన వెన్నలా ఉంటుంది.

ఖులీ కోసం కూర్చున్న సాయంత్రం మిష్నా తర్వాత ఆయన పుస్తకం నుంచే ఒక పుట చదవాలంటే ఆదికాండం మొదటి భాగం బాగుంటుంది. కథలు తెలిసినవే, మాటలు ఊహకు అందుతాయి, యోద్‌ను ఎ అనాలో ఇ అనాలో సందర్భమే చెబుతుంది. ఇద్దరు చదివేవాళ్లుంటే నిర్గమకాండం రెండు సంపుటాలు పక్కపక్కన పెట్టుకుని ఒకరు ఖులీ ఆఖరి పుట, ఇంకొకరు మాగ్రీసో మొదటి పుట చదవచ్చు. ఒకటి 1733లో వచ్చింది, ఇంకోటి 1746లో. మధ్యలో పదమూడేళ్లున్నా వాక్యం నడక మారలేదని వినేవాళ్లకు తెలుస్తుంది.